సంకరం అనే మాట

ప్లస్ వన్ రసాయనశాస్త్రంలో పిల్లల్ని తికమక పెట్టే పాఠం ఒకటుంది. కర్బన పరమాణువు తనలోని ఒక ఎస్ ఆర్బిటాల్‌నూ మూడు పి ఆర్బిటాళ్లనూ కలిపేసి, నాలుగు సమానమైన కొత్త ఆర్బిటాళ్లను చేసుకుంటుందని ఆ పాఠం చెబుతుంది. ఆర్బిటాల్ అంటే పరమాణువులో ఎలక్ట్రాన్ మసలే చోటు అని ప్రస్తుతానికి అనుకుందాం. ఈ కలుపుకోవడాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు ‘సంకరీకరణం’ అంటాయి. మా తమిళనాడు పుస్తకాల్లో ‘ఇనక్కలప్పు’ అని ఉంటుంది. ఇనం అంటే జాతి, కలప్పు అంటే కలయిక. రెండు మాటలూ పరమాణువు సంగతి చెప్పకముందే వినేవాడి చెవిలో ఇంకేదో చెప్పేస్తాయి. ఆ ‘ఇంకేదో’ గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు రసాయనశాస్త్రం.

హోసూరు చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ముప్ఫయ్యేళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో, సంతలో కన్నడం, ఇదీ వాళ్ల రోజు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2015-16లో పదో తరగతికి వచ్చారు. నా తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గలేదు గాని, తెలుగు అక్షరం చదవగలిగేవాళ్లు తగ్గుతూ వచ్చారు. పుస్తకం ఏ భాషలో ఉన్నా, అనుమానం పుట్టినప్పుడు మాత్రం వాళ్ల నోట ఇంటి మాటే వస్తుంది. “యాల సార్? కార్బన్ యాల అట్ల కలుపుకొంటుంది?” అంటారు. కావ్యాల్లో కనిపించే ‘ఏల’ మా వైపు ‘యాల’గా ఇంకా బతికే ఉంది.

ఈ ‘యాల’కు పుస్తకాలు సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటే. మీథేన్‌లో నాలుగు బంధాలూ సమానంగా ఉన్నాయి కాబట్టి కర్బనం సంకరీకరణం చెందింది అంటాయి. పెళ్లి ఎందుకు చేసుకున్నారంటే పిల్లలు పుట్టారు కాబట్టి అన్నట్లుంది ఇది. ఫలితాన్ని తెచ్చి కారణం స్థానంలో కూర్చోబెడితే పిల్లవాడి ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. పదహారేళ్ల పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

అసలు కథ ఆర్బిటాళ్ల కన్నా పాతది. 1874లో హాలెండుకు చెందిన వాంట్ హాఫ్, ఫ్రాన్సుకు చెందిన లె బెల్ ఎవరికి వారుగా ఒకే ముగింపుకు వచ్చారు. కర్బనం నాలుగు చేతులూ ఒకే తలంలో ఉండవు, నాలుగు దిక్కులుగా విచ్చుకొని ఉంటాయి అన్నారు. నేల మీద పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకి చూస్తుంది కదా, ఇంచుమించు ఆ మాదిరి. అప్పటికి వాంట్ హాఫ్ వయసు 22. జర్మనీలో పేరుమోసిన కోల్బె అనే పెద్దాయన 1877లో ఆ కుర్రవాణ్ణి పశువైద్య కళాశాల ఉద్యోగి అని ఎత్తిపొడుస్తూ రాశాడు. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వాంట్ హాఫ్‌కే వచ్చింది, అది వేరే పరిశోధనకే అయినా. వాంట్ హాఫ్, లె బెల్ ఆ మాట అన్ననాటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. అది 1897లో గాని బయటపడలేదు.

ఎలక్ట్రాన్లు వచ్చాక చిక్కు మొదలైంది. కర్బనం బయటి పొరలో నాలుగు ఎలక్ట్రాన్లు. అందులో రెండు జతకూడి ఎస్‌లో ఉన్నాయి. మిగిలిన రెండు చెరొక పి లో ఒంటరిగా ఉన్నాయి. ఒంటరి ఎలక్ట్రాన్‌కే బంధం కట్టే అవకాశం అనుకుంటే, కర్బనం రెండు బంధాలతో ఆగిపోవాలి. పి ఆర్బిటాళ్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి ఆ రెండింటి మధ్య కోణం 90 డిగ్రీలు కావాలి. ఒక ఎస్ ఎలక్ట్రాన్‌ను ఖాళీగా ఉన్న మూడో పి లోకి ఎక్కించామనుకోండి, బంధాలు నాలుగవుతాయి. కాని మూడు లంబంగా నిలబడి, నాలుగోది దిక్కు లేకుండా మిగులుతుంది, ఎందుకంటే ఎస్ గుండ్రని బంతి, దానికి దిక్కు లేదు. మీథేన్‌ను కొలిచి చూస్తేనేమో నాలుగు బంధాల పొడవూ ఒకటే, ఏ రెంటి మధ్య కోణమైనా 109.5 డిగ్రీలే.

ఈ ముడిని 1931లో అమెరికాలో లైనస్ పౌలింగ్ విప్పాడు. అదే ఏడు జాన్ స్లేటర్ కూడా విడిగా అదే దారి పట్టాడు. ఎలక్ట్రాన్ అల వంటిది అన్న కొత్త భౌతికశాస్త్రం వాళ్లకు తాళం చెవి.

అల అన్నాక చెరువు గట్టుకు పోదాం. రెండు రాళ్లు వేస్తే రెండు అలల గుంపులు లేస్తాయి. శిఖరం శిఖరంతో కలిసిన చోట నీళ్లు ఇంకా పైకి లేస్తాయి. శిఖరమూ పల్లమూ కలిసిన చోట నీళ్లు సమమవుతాయి. ఎస్ అల బయటి భాగమంతా ఒకే గుర్తుతో ఉంటుంది, అంతా శిఖరం అనుకోండి. పి అలకు ఒక పక్క శిఖరం, ఎదుటి పక్క పల్లం. ఈ రెంటినీ కలిపితే ఒక పక్క ఉబ్బుతుంది, ఇంకో పక్క కుంచించుకుపోతుంది. పి రెండు పక్కలా సమానంగా చాచిన చేయి అయితే, ఈ కొత్తది ఒకే పక్కకు పొడుగ్గా చాచిన చేయి. ఒక ఎస్‌నూ మూడు పి లనూ నాలుగు రకాలుగా కలిపితే ఇలాంటివి నాలుగు వస్తాయి. వాటిని లెక్కగట్టి గీస్తే వాటంతటవే 109.5 డిగ్రీల ఎడంతో నాలుగు దిక్కులకు తిరిగి ఉంటాయి. ఒక దిక్కుకు ఎంతగా చాచుకుంటుందో పౌలింగ్ లెక్క కట్టాడు. ఎస్‌కు 1 అనుకుంటే పి కి 1.73, ఈ కొత్తదానికి 2.

‘యాల’కు మొదటి సగం జవాబు ఇక్కడ ఉంది. చేయి ఎంత ముందుకు చాచితే ఎదుటి హైడ్రోజన్ అలతో అంత బాగా పెనవేసుకుంటుంది. పెనవేత పెరిగితే బంధం గట్టిపడుతుంది.

రెండో సగం ఖర్చు సంగతి. దీన్ని మా పిల్లలకు భూముల భాగాలతో చెప్పేవాణ్ణి. చెరువు కింద మడి ఒకటి, వానను నమ్ముకున్న మెట్టచేలు మూడు ఉన్నాయి. అన్నదమ్ములు నలుగురు. తలా ఒక తుంట తీసుకుంటే మడి వచ్చినవాడు దొర, తక్కిన ముగ్గురూ ఏడుస్తారు. పెద్దమనుషులు ఏం చేస్తారు? ప్రతి తుంటనూ నాలుగు పాళ్లు చేస్తారు. ఒక్కొక్కడికి మడిలో నాలుగో వంతు, మూడు చేలల్లోనూ నాలుగో వంతు చొప్పున వస్తాయి. మొత్తం నేల పెరగదు, తరగదు. నాలుగు ఆర్బిటాళ్లు కలిస్తే నాలుగే వస్తాయి, అయిదు రావు, మూడు రావు. ఎస్ మడి వంటిది. కేంద్రకానికి దగ్గర, అందులో ఉన్న ఎలక్ట్రాన్‌కు నెమ్మది ఎక్కువ. దాన్ని కదిలించి మెట్టకు పంపాలంటే ఖర్చవుతుంది. ఒక మోల్ కర్బనానికి సుమారు 400 కిలోజౌళ్లు. ఊరికే ఎవరు పెడతారు అంత ఖర్చు? కాని పెట్టినందువల్ల రెండు బంధాలు కట్టాల్సిన చోట నాలుగు కట్టే వీలొచ్చింది. మీథేన్‌లో ఒక్కొక్క బంధం విలువ సుమారు 415 కిలోజౌళ్లు. అదనంగా వచ్చిన రెండు బంధాలకే 800కు పైన ముట్టింది. పెట్టుబడి పోను లాభం మిగిలింది.

ఇక్కడ ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. “దానికి ఎవురు సార్ చెప్పిండేది, కలుపుకోమని?” మంచి ప్రశ్న. ఎవరూ చెప్పలేదు. ఒంటరిగా తేలే కర్బన పరమాణువులో ఏ కలబోతా లేదు, దాని ఎస్ ఎస్‌గానే, పి పి గానే ఉంటాయి. పంచుకోవడానికి ఎవరూ లేని ఇంట్లో భాగాలు వేయరు కదా. హైడ్రోజన్లు నాలుగు దిక్కుల నుంచీ దగ్గరికొస్తే ఆ గుండ్రని ఏకాంతం చెదిరిపోతుంది. అప్పుడు ఎలక్ట్రాన్ అల కొత్త ఆకారం తీసుకుంటుంది, మొత్తం శక్తి ఏ ఆకారంలో కనిష్ఠమో ఆ ఆకారం. ముందు ఎలక్ట్రాన్ ఎగబాకింది, తరువాత కలిసింది, ఆ తరువాత బంధం కట్టింది అని పుస్తకం వరుసగా చెప్పేది మనకు అర్థం కావడానికి కాగితం మీద వేసిన మెట్లు. పరమాణువు ఆ మెట్లెక్కదు.

కారణం నిజమైనదైతే, అది లేని చోట ఫలితమూ ఉండకూడదు. గంధకాన్ని చూడండి. నీటిలో ఆక్సిజన్ రెండు చేతుల మధ్య కోణం 104.5 డిగ్రీలు, పల్లేరుకాయ కోణానికి దగ్గరే. ఆక్సిజన్ కింది గడిలోనే ఉన్న గంధకం అదే మాదిరి హైడ్రోజన్ సల్ఫైడ్ కడితే కోణం 92. అమోనియాలో నైట్రోజన్‌కు సుమారు 107, దాని కింది ఫాస్ఫరస్‌కు ఫాస్ఫీన్‌లో 93.5. కింది వరుసవాళ్లు దాదాపు పి ఆర్బిటాళ్లనే ఉన్నవి ఉన్నట్టు వాడుకుంటున్నారన్నమాట. కర్బనం వరుసలో ఎస్, పి లు ఇంచుమించు ఒకే పరిమాణం. గంధకం వరుసలో పి బాగా బయటికి విస్తరించి, ఎస్ లోపలే ఉండిపోతుంది. కలిపినా పెనవేత పెద్దగా పెరగదు. పైగా బంధమే బలహీనం. ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం విలువ సుమారు 460 కిలోజౌళ్లయితే గంధకం-హైడ్రోజన్‌ది 360 దగ్గర. రాబడి తక్కువైనప్పుడు మడిని కదిలించరు. బంధం కట్టని జంట ఎలక్ట్రాన్లు ఆ మడిలోనే హాయిగా ఉండిపోతాయి.

అన్నదమ్ములు సమానులు కాకపోతే భాగాలూ సమానంగా ఉండవు. క్లోరిన్, ఫ్లోరిన్ వంటివి ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కునే రకం. అలాంటివాడి వైపు కర్బనం మెట్టపాలు ఎక్కువ పెడుతుంది, మడిపాలు మిగతావాళ్ల వైపు దాచుకుంటుంది. లాక్కుపోయేవాడికి మంచి నేల ఎవరిస్తారు? హెన్రీ బెంట్ 1961లో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పాడు. ఇది చెప్పిన రోజు తరగతిలో నవ్వులు వినబడేవి, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి భాగాల తగాదా ఒకటి ఉంది.

పాళ్లు మార్చితే ఏమవుతుందో చూడాలంటే మా జిల్లా మామిడితోటలు చాలు. కృష్ణగిరి జిల్లా మామిడికి పేరు. తోతాపురిని మేం బెంగళూరా అంటాం. కాయ తనంతట తాను మాగేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును పుట్టిస్తుంది. దానిలో కర్బనం ఒక ఎస్‌నూ రెండే పి లనూ కలుపుకొంటుంది. మడిపాలు మూడో వంతు, కోణం సుమారు 120. మిగిలిన పి రెండో బంధం కడుతుంది. తొందరపడే వ్యాపారి వాడే కార్బైడు రాయి తడి తగిలితే అసిటిలీన్‌ను వదులుతుంది. దానిలో ఒక ఎస్, ఒకే పి. మడిపాలు సగం, కోణం 180, అణువు నిటారు. ఎస్ పాలు ఎక్కువయ్యే కొద్దీ ఎలక్ట్రాన్లను కర్బనం దగ్గరగా పట్టుకుంటుంది, హైడ్రోజన్ మీద దాని పట్టు వేరవుతుంది. అసిటిలీన్ తన హైడ్రోజన్‌ను ఆమ్లంలాగా వదిలిపెట్టగలదు, మీథేన్ అలా వదలదు. హైడ్రోజన్లు రెండూ పోయి, వాటి స్థానంలో కాల్షియం వచ్చిన రూపమే కార్బైడు రాయి. పళ్లు మాగబెట్టడానికి దాన్ని వాడడం మన దేశంలో నిషేధం. ఎథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది. పాళ్లను కొలిచే సాధనం కూడా ఉంది. అయస్కాంత అనునాద యంత్రంలో కర్బనానికీ హైడ్రోజన్‌కూ మధ్య లంకె మీథేన్‌లో 125, ఎథిలీన్‌లో 156, అసిటిలీన్‌లో 249 హెర్ట్జ్. మడిపాలు నాలుగో వంతు, మూడో వంతు, సగం అన్న లెక్కతో అవి ఇంచుమించు అతికినట్టు సరిపోతాయి.

ఇంత చెప్పాక కూడా తెలివైన పిల్లవాడు ఒకడు అడుగుతాడు, “అయితే ఇది నిజమేనా సార్, లేకుంటే మనం అనుకొనిందా?” అని. దీనికి మీథేనే సాక్ష్యం చెప్పాలి. 1960లలో వచ్చిన ఒక పద్ధతిలో అణువు మీద బలమైన కిరణం వేసి ఎలక్ట్రాన్లను వెళ్లగొట్టి, ఒక్కొక్కటి ఎంత గట్టిగా కట్టుబడి ఉందో కొలుస్తారు. నాలుగు బంధాలూ సమానం కాబట్టి ఒకే విలువ రావాలి అనుకుంటాం. వచ్చింది రెండు. ఒకటి సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది సుమారు 23. నలుగురు సమానమైన అన్నదమ్ములున్న ఇంట్లో పాత మడి, పాత మెట్ట జ్ఞాపకం పోలేదు.

ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఎనిమిది ఎలక్ట్రాన్లూ కలిసి ఏర్పరచే మొత్తం మేఘాన్ని నాలుగు సమాన బంధాలుగా విడదీసి చూడవచ్చు. అణువంతా పరుచుకున్న ఒక ఎస్ తరహా అలగా, మూడు పి తరహా అలలుగానూ చూడవచ్చు. మొత్తం అదే. ఆకారం, కోణం, బంధం పొడవు గురించి ఆలోచించేటప్పుడు మొదటి చూపు పనికొస్తుంది. ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి లాగే ప్రశ్న వేసినప్పుడు రెండో చూపు కావాలి, ఎందుకంటే ఆ లోటు ఒక్క బంధంలో ఉండిపోదు, నాలుగింటి మీదా పడుతుంది. కనుక సంకరీకరణం పరమాణువులో జరిగే ఒక సంఘటన కాదు, అణువును వర్ణించే ఒక తీరు. అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. అయిదారు బంధాలు కట్టే ఫాస్ఫరస్, గంధకం సమ్మేళనాలకు డి ఆర్బిటాళ్లను కూడా కలిపి చెప్పే వివరణ పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది గాని, 1990 ప్రాంతపు లెక్కలు వాటి పాత్ర చాలా స్వల్పమని తేల్చాయి. పనికొచ్చే వర్ణనకు కూడా హద్దు ఉంటుందని పిల్లలకు చెప్పడం అవసరం.

ఇప్పుడు ఆ ‘ఇంకేదో’. ఒక ఏడు నేను బోర్డు మీద ‘ఇనక్కలప్పు’ అని రాయగానే వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వారు. ఒక పిల్ల తల వంచుకుంది. ఆమె తల్లిది ఒక కులం, తండ్రిది ఇంకొకటి అని ఊరంతటికీ తెలుసు. ‘సంకరం’ అని తెలుగులో చెప్పినా ఆ నవ్వు ఆగేది కాదు. మన భాషలో ఆ మాట పుట్టుక మీద వేసే నిందగానే ఎక్కువ వాడుకలో ఉంది. శాస్త్రం ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు నింద కూడా వెంట వచ్చింది. అప్పటినుంచి మొదట ‘కలబోత’ అని చెప్పడం మొదలుపెట్టాను. భూముల భాగాలూ చెరువు అలలూ అయ్యాక, పరీక్షలో రాయవలసిన మాట ఇది అని పుస్తకం మాట చెప్పేవాణ్ణి. అప్పటికి నవ్వేవాళ్లు లెక్కలో మునిగి ఉండేవాళ్లు.

కొన్నేళ్ల కిందట ఆంధ్రలో ఒక సాహిత్య సభకు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన నా మాట విని, “మీది కాస్త సంకర తెలుగు కదండీ” అన్నాడు. ఎగతాళి లేదు, జాలి ఉంది. నిజమే, మా నోట కన్నడపు ‘సుమ్నే’ ఉంది, తమిళం ఉంది. పక్కనే ఆయన ఇంట్లో వినబడని ‘యాల’ కూడా ఉంది. పరమాణువును సాక్ష్యానికి పిలిచి భాష వ్యాజ్యం గెలవాలన్న ఆశ నాకు లేదు. ఒకటి మాత్రం అనిపించింది. కలవని ఎస్, కలవని పి ఒంటరి పరమాణువులోనే ఉంటాయి. నాలుగు వైపులా మనుషులున్న చోట బతికేవాళ్ల మాట మరోలా ఎలా ఉంటుంది?

నేను ఉద్యోగం విరమించాను. ఈ పాఠాన్ని చిన్న పుస్తకంగా రాస్తున్నాను, తెలుగు అక్షరాలు రాని మా పిల్లలకు ఎవరైనా చదివి వినిపించేటట్లు. నాలుగు మాటలే ఇంకా కుదరలేదు. అలలు పెనవేసుకోవడానికి పుస్తకం ‘అతిపాతం’ అంటుంది, అది పిల్లల నోట నిలవడం లేదు. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో సైన్సు చెప్పే మన ఉపాధ్యాయులు ఈ పత్రిక చదువుతారని తెలుసు. మీ ఊరి పిల్లలు ఇలాంటి చోట ఏ మాట వాడతారో ఒక కార్డు ముక్క మీద రాసి పత్రిక చిరునామాకు పంపండి. మంచి మాట దొరికితే మీ ఊరి పేరుతోనే పుస్తకంలో వేస్తాను.